ఏమీ దొంగిలించరు... అన్నీ ఆపేస్తారు!

క్లౌడ్‌ కింద పనిచేసే వర్చువలైజేషన్‌ సాఫ్ట్‌వేర్‌లో ఒక్క లోపం చాలు, ఒక గదిలో అద్దెకున్నవాడు ఇల్లంతటికీ కరెంటు తీసేయడానికి. సైబర్‌ సెక్యూరిటీ కొలువు కోరుకునే విద్యార్థులు తరచూ దాటేసే అధ్యాయం ఇది.

సైబర్‌ సెక్యూరిటీ ఇంటర్వ్యూల్లో మొదట్లోనే వచ్చే ప్రశ్న ఒకటుంది. సమాచార భద్రతకు మూడు మూలస్తంభాలేవి? గోప్యత, సమగ్రత, లభ్యత అని అందరూ గడగడా చెప్పేస్తారు. మొదటి రెండింటికీ ఉదాహరణలు అడిగితే పాస్‌వర్డ్‌ల చోరీ నుంచి బ్యాంకు ఖాతాలో అంకెలు మార్చడం దాకా ఏకరువు పెడతారు. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి, 'వెబ్‌సైట్‌ మీదికి ఒకేసారి లక్షల రిక్వెస్టులు పంపి పడగొట్టడం సార్‌' అని ఒక్క వాక్యంతో సరిపెడతారు. తప్పేం కాదు. కానీ అది వీధిలో నిలబడి రాళ్లు విసరడం లాంటిది. ఇంట్లో అద్దెకు దిగి మెయిన్‌ ఫ్యూజు పీకేసే పద్ధతి ఇంకోటి ఉంది. క్లౌడ్‌ నడిపేవాళ్లకు నిద్ర లేకుండా చేసేవాటిలో అదొకటి.

అమీర్‌పేట హాస్టల్లో ఉండి కోచింగ్‌ తీసుకున్నవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. ఎవరో ఒకరు గదిలో దొంగచాటుగా ఇండక్షన్‌ స్టవ్‌, వాటర్‌ హీటర్‌ ఒకేసారి పెడతారు. టప్‌మని ఫ్లోరంతా చీకటి. ఎవరి గది తాళమూ పగల్లేదు, ఎవరి ల్యాప్‌టాపూ పోలేదు. అయినా మర్నాడు పరీక్ష ఉన్నవాడి చదువు ఆగిపోయింది. కంప్యూటర్‌ భాషలో దీన్నే డినయల్‌ ఆఫ్‌ సర్వీస్‌ అంటారు. సేవ అందకుండా చేయడం, అంతే.

ఒకే ఇంట్లో వంద కాపురాలు

క్లౌడ్‌లో మీరు అద్దెకు తీసుకునే సర్వర్‌ నిజానికి సర్వర్‌ కాదు. ఒక పెద్ద యంత్రాన్ని సాఫ్ట్‌వేర్‌ సాయంతో ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ ఒక్కో పూర్తి కంప్యూటర్‌లా నమ్మించే ఏర్పాటు అది. ఈ మాయ చేసే సాఫ్ట్‌వేర్‌ పేరు హైపర్‌వైజర్‌. అసలు యంత్రాన్ని హోస్ట్‌ అనీ, దాని మీద నడిచే వర్చువల్‌ మెషీన్‌ను గెస్ట్‌ అనీ అంటారు. కేంబ్రిడ్జ్‌ యూనివర్సిటీ పరిశోధకులు 2003లో ప్రపంచానికి చూపించిన జెన్‌, 2007లో లినక్స్‌ కెర్నల్‌ 2.6.20తో పాటు వచ్చిన కేవీఎం, మైక్రోసాఫ్ట్‌ వారి హైపర్‌-వి, వీఎంవేర్‌ వారి ఈఎస్‌ఎక్స్‌ఐ.. ఇవన్నీ ఆ కుటుంబమే. గెస్ట్‌కు నెట్‌వర్క్‌ కార్డు, డిస్కు, యూఎస్‌బీ పోర్టు ఉన్నట్టు భ్రమ కల్పించే పని చాలాచోట్ల క్యూఎమూ అనే ఓపెన్‌ సోర్స్‌ ప్రోగ్రామ్‌ చేస్తుంది.

హైపర్‌వైజర్‌ ఇచ్చే హామీ ఒక్కటే: పక్కవాడు ఎంత చెడ్డవాడైనా వాడి గోల మీ గదిలోకి రాదు. గెస్ట్‌లో ఉన్నవాడు తన ఆపరేటింగ్‌ సిస్టమ్‌ను తగలబెట్టుకున్నా ఫర్వాలేదు, అది వాడి ఇష్టం. హోస్ట్‌ మాత్రం చెక్కుచెదరకూడదు. ఈ హామీని నమ్మే పోటీ సంస్థలు కూడా ఒకే యంత్రం మీద పక్కపక్కనే కాపురం చేస్తాయి. హైదరాబాద్‌లో అమెజాన్‌ వెబ్‌ సర్వీసెస్‌ 2022 నవంబరులో ప్రారంభించిన క్లౌడ్‌ రీజియన్‌ నడిచేదీ ఈ హామీ మీదే. ఈ హామీ తప్పినప్పుడు ఏమవుతుందో చూడాలంటే 2015 నవంబరుకు వెళ్లాలి.

ప్రాసెసర్‌ తనలో తాను చిక్కుకుంది

ఆ నెల 10వ తేదీన జెన్‌, కేవీఎం, హైపర్‌-వి మూడింటికీ దాదాపు ఒకేసారి హెచ్చరికలు వెలువడ్డాయి. వేర్వేరు మనుషులు, వేర్వేరు కంపెనీలు రాసిన మూడు ప్రోగ్రాముల్లో ఒకే లోపం ఎలా వస్తుంది? ఎందుకంటే అసలు తిరకాసు వాటి అడుగున ఉన్న ఎక్స్‌86 ప్రాసెసర్‌ ప్రవర్తనలో ఉంది. సీవీఈ-2015-5307, సీవీఈ-2015-8104 అని వీటికి నంబర్లు. మొదటిదాన్ని గూగుల్‌ ఇంజినీర్లు బయటపెట్టారు. ఆపరేటింగ్‌ సిస్టమ్స్‌ సబ్జెక్టు చదివిన ప్రతి బీటెక్‌ విద్యార్థికీ ఇది అర్థమవుతుంది. కాబట్టి కాస్త నెమ్మదిగా చూద్దాం.

ప్రోగ్రామ్‌ నడుస్తుండగా ఏదైనా తేడా వస్తే ప్రాసెసర్‌ 'ఎక్సెప్షన్‌' లేవనెత్తుతుంది. అప్పుడది చేసే పని రెండు ముక్కల్లో చెప్పొచ్చు. తాను ఎక్కడ ఆగిందో ఆ వివరాలను స్టాక్‌ మీద రాసిపెడుతుంది. తర్వాత ఆపరేటింగ్‌ సిస్టమ్‌ రాసిన హ్యాండ్లర్‌కు దూకుతుంది. ఎక్సెప్షన్లలో అలైన్‌మెంట్‌ చెక్‌ అని ఒకటుంది. డేటా చిరునామా నాలుగుకో ఎనిమిదికో గుణిజంగా ఉండాల్సిన చోట వంకరగా ఉంటే వచ్చే ఫిర్యాదు అది.

ఇప్పుడొక కొంటె గెస్ట్‌ ఏం చేస్తుందంటే, ఆ స్టాక్‌ చిరునామానే వంకరగా పెడుతుంది. అలైన్‌మెంట్‌ ఎక్సెప్షన్‌ వచ్చింది. ప్రాసెసర్‌ వివరాలు రాయడానికి స్టాక్‌ దగ్గరికి వెళ్లింది. స్టాకే వంకర. కాబట్టి మళ్లీ అలైన్‌మెంట్‌ ఎక్సెప్షన్‌. దాని వివరాలు రాయబోయింది. మళ్లీ అదే. పోలీస్‌ స్టేషన్‌లో ఫిర్యాదు రాయడానికి పెన్ను అడిగితే, పెన్ను పోయిందని ముందు ఇంకో ఫిర్యాదు రాసివ్వమన్నట్టు!

మామూలుగా ఇలాంటి చిక్కులకు ప్రాసెసర్‌లోనే విరుగుడుంది. కొన్ని ఎక్సెప్షన్లు ఒకదాని మీద ఒకటి పడితే డబుల్‌ ఫాల్ట్‌, అదీ విఫలమైతే ట్రిపుల్‌ ఫాల్ట్‌, అక్కడితో ఆ మెషీన్‌ రీసెట్‌. కానీ ఇంటెల్‌ మాన్యువల్‌లో అలైన్‌మెంట్‌ చెక్‌ను 'నిరపాయమైన' ఎక్సెప్షన్ల జాబితాలో చేర్చారు. నిరపాయమైనది కదా అని ప్రాసెసర్‌ డబుల్‌ ఫాల్ట్‌కు పోదు. ఓపిగ్గా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. అదీ మైక్రోకోడ్‌ లోపల, ఒక ఇన్‌స్ట్రక్షన్‌కూ ఇంకో ఇన్‌స్ట్రక్షన్‌కూ మధ్య ఉండే విరామానికి ఎప్పటికీ చేరుకోకుండా.

అసలు ప్రమాదం ఆ విరామం లేకపోవడమే. హైపర్‌వైజర్‌ గెస్ట్‌ చేతిలోంచి ప్రాసెసర్‌ను వెనక్కి లాక్కునేది టైమర్‌ ఇంటరప్ట్‌ లాంటి బయటి పిలుపుల ద్వారా. బయటి పిలుపును ప్రాసెసర్‌ వినేది ఆ విరామంలోనే. విరామం రాదు, పిలుపు వినపడదు, కోర్‌ తిరిగి హోస్ట్‌ చేతికి రాదు. మిగతా కోర్‌లు ఈ కోర్‌ జవాబు కోసం ఎదురుచూస్తూ ఒక్కొక్కటే ఆగిపోతాయి. కేవీఎంలో అయితే హోస్ట్‌ కెర్నల్‌ త్వరలోనే ప్యానిక్‌ అవుతుందని ఆ ప్యాచ్‌ వెంట రాసిన వివరణలోనే ఉంది. జెన్‌ హెచ్చరికలో ఇంకో ముచ్చట చెప్పారు. యంత్రం బిగుసుకుపోయిందేమో కనిపెట్టడానికి వాచ్‌డాగ్‌ పెట్టుకున్నవాళ్ల సంగతి. అది తన డ్యూటీ తాను చేసి, హోస్ట్‌ను రీబూట్‌ చేసేస్తుంది. కాపలా కుక్క ఇంటివాళ్లనే బయటికి తరిమినట్టు, ఆ హోస్ట్‌ మీదున్న గెస్ట్‌లన్నీ ఒక్కసారిగా రోడ్డున పడతాయి.

రెండో లోపం కూడా ఇదే ఇంటి కోడలు. స్టాక్‌ ఉన్న చోట ఒక డీబగ్‌ బ్రేక్‌పాయింట్‌ పెట్టి, అక్కడ ఎవరు రాసినా నన్ను లేపండి అని గెస్ట్‌ అడుగుతుంది. డీబగ్‌ ఎక్సెప్షన్‌ వివరాలు రాయబోతే అదే మళ్లీ డీబగ్‌ ఎక్సెప్షన్‌.

మరి దిద్దుబాటు? కొన్ని వరుసల కోడ్‌. ఈ రెండు ఎక్సెప్షన్లు గెస్ట్‌లో వచ్చిన మరుక్షణం, వాటిని గెస్ట్‌కు అందించకముందే, ముందు నాకు చెప్పు అని హైపర్‌వైజర్‌ ప్రాసెసర్‌కు పురమాయించడమే. ప్రాసెసర్‌ను మార్చలేరు, కోట్ల సంఖ్యలో అమ్ముడుపోయాయి. కాబట్టి సాఫ్ట్‌వేర్‌ వాళ్లే అడ్డుగోడ కట్టుకున్నారు. మైక్రోసాఫ్ట్‌ తన ప్రకటనలో దీన్ని సీపీయూ బలహీనత అనే పేర్కొంది.

ఇలాంటిదే 2019 నవంబరులోనూ జరిగింది. సీవీఈ-2018-12207లో గెస్ట్‌ తన మెమరీ పేజీల సైజును ఒక పద్ధతిలో మారిస్తే కొన్ని ఇంటెల్‌ ప్రాసెసర్లు మెషీన్‌ చెక్‌ ఎర్రర్‌ ఇచ్చి హోస్ట్‌నే స్తంభింపజేసేవి. అప్పుడు కూడా కేవీఎం వాళ్లు పెద్ద పేజీల్లో కోడ్‌ నడవకుండా కట్టడి చేసి గండం గట్టెక్కారు, కొంత వేగాన్ని వదులుకుని.

చిన్న చిన్న దార్లు

అన్ని లోపాలూ ఇంత లోతుగా ఉండవు. చాలావరకు డేటా స్ట్రక్చర్స్‌ ల్యాబ్‌లో మీరు చేసే పొరపాట్లే. క్యూఎమూలో ఈ1000 అనే నెట్‌వర్క్‌ కార్డు ఎమ్యులేషన్‌ ఉంది. పంపాల్సిన ప్యాకెట్ల జాబితాను గెస్ట్‌ మెమరీలో పెడుతుంది, క్యూఎమూ ఆ జాబితా వెంట నడుస్తుంది. గెస్ట్‌ అందులో చెల్లని విలువలు పెడితే? నడక ముగియదు. 2015లో ఒకసారి, 2021లో ఇంకోసారి ఇదే ఫంక్షన్‌లో అనంతమైన లూప్‌ దొరికింది. ఒక్కసారి దొరికిన చోట మళ్లీ వెతకడం ఎందుకు మంచిదో దీన్ని చూస్తే తెలుస్తుంది.

నాకు ఎక్కువ నచ్చేది, అంటే అంత సాదాసీదాగా ఉండేది, 2016లో జెన్‌ ప్రకటించిన ఎక్స్‌ఎస్‌ఏ-180. గెస్ట్‌ కావాలని తప్పుడు పనులు చేస్తూ పోతే క్యూఎమూ ప్రతిదానికీ ఒక ఎర్రర్‌ మెసేజ్‌ రాస్తుంది. ఆ రాతలకు హద్దు లేదు. లాగ్‌ ఫైలు పెరిగి పెరిగి హోస్ట్‌ డిస్కు నిండిపోతుంది. మెమరీ కరప్షన్‌ లేదు, అసెంబ్లీ లేదు, గొప్ప గణితం లేదు. ఎవడో తిడుతుంటే ప్రతి తిట్టునూ డైరీలో రాసుకుంటూ కూర్చున్నందుకు ఇల్లు కాగితాలతో నిండిపోయింది.

2015 మేలో వెలుగుచూసిన వెనమ్‌ పేరు మీరు వినే ఉంటారు. క్రౌడ్‌స్ట్రయిక్‌కు చెందిన జేసన్‌ గెఫ్‌నర్‌ దాన్ని కనిపెట్టారు. ఫ్లాపీ డిస్కు ముఖం చూడని తరం వాడే క్లౌడ్‌లో, 2004 నుంచి ఉన్న ఫ్లాపీ కంట్రోలర్‌ కోడ్‌లో 512 బైట్ల బఫర్‌ దాటి రాసే అవకాశం! గెస్ట్‌ దాంతో క్యూఎమూను క్రాష్‌ చేయొచ్చు, ఇంకాస్త నేర్పుంటే హోస్ట్‌లో తన కోడే నడిపించొచ్చు. క్రాష్‌తో మొదలైన లోపం చోరీ దాకా పోవచ్చన్నమాట. అందుకే 'ఇది ఉత్త క్రాషే కదా' అనే మాటను అనుభవజ్ఞులు అంత తేలిగ్గా ఒప్పుకోరు. ఎవరూ వాడని పరికరాల కోడ్‌ను అసలు పెట్టకపోవడమే మేలన్న ఆలోచనతో అమెజాన్‌ 2018లో ఫైర్‌క్రాకర్‌ అనే బుల్లి మానిటర్‌ను రస్ట్‌ భాషలో రాసి ఓపెన్‌ సోర్స్‌ చేసింది. అందులో ఫ్లాపీ లేదు, వేళ్ల మీద లెక్కపెట్టేన్ని పరికరాలే.

మందు వేయాలన్నా పేషెంటును ఆపాలి

లోపం తెలిసింది, ప్యాచ్‌ వచ్చింది. ఇక అయిపోయినట్టేనా? హైపర్‌వైజర్‌కు ప్యాచ్‌ వేయడమంటే చాలా సందర్భాల్లో హోస్ట్‌ను రీబూట్‌ చేయడం. దాని మీదున్న వాళ్లందరినీ ఆపడం. అంటే దాడి చేసేవాడు చేయాలనుకున్న పని మనమే, కాస్త మర్యాదగా, ముందుగా చెప్పి చేస్తాం.

2014 సెప్టెంబరు చివర్లో అమెజాన్‌ వెబ్‌ సర్వీసెస్‌ తన ఈసీ2 సర్వర్లలో పది శాతం కన్నా తక్కువ భాగాన్ని రీబూట్‌ చేయాల్సి వస్తుందని కస్టమర్లకు చెప్పింది. కారణం మాత్రం అప్పటికి బయటికి రాలేదు. అదే వారం షెల్‌షాక్‌ లోపం బయటపడటంతో అందుకేనేమో అని జనం ఊహించారు. కాదు. అక్టోబరు 1న జెన్‌ ఎక్స్‌ఎస్‌ఏ-108ను ప్రకటించింది. ఒక వర్చువల్‌ ఇంటరప్ట్‌ కంట్రోలర్‌కు 256 రిజిస్టర్లు ఉండాల్సిన చోట కోడ్‌ 1024 రిజిస్టర్ల దాకా చదవనిచ్చింది. ఆ అదనపు చదువు హైపర్‌వైజర్‌ సొంత మెమరీలోకి, ఒక్కోసారి పక్క గెస్ట్‌ల డేటాలోకి పోయేది. లేదంటే హోస్ట్‌ను క్రాష్‌ చేసేది. ప్యాచ్‌ వేసేదాకా వివరాలు గుప్పిట్లో పెట్టుకోవడాన్ని ఎంబార్గో అంటారు. పెద్ద క్లౌడ్‌ సంస్థలకు ముందుగా చెప్పి, లోకానికి తర్వాత చెప్పడం. ఇది న్యాయమా అనే వాదన ఉంది. చిన్న హోస్టింగ్‌ కంపెనీ నడిపేవాడు వారం ఆలస్యంగా ఎందుకు తెలుసుకోవాలి? నా మటుకు, లోపం తీవ్రతను బట్టి ఆ వారం ఇవ్వడమే తక్కువ చెడు అనిపిస్తుంది.

ఆ రీబూట్ల వారాంతాన్ని నెట్‌ఫ్లిక్స్‌ ఎలా దాటిందన్నది ఇంకా ఆసక్తికరం. వాళ్ల 2,700కు పైగా కసాండ్రా డేటాబేస్‌ నోడ్‌లలో 218 రీబూట్‌ అయ్యాయి. వాటిలో 22 తిరిగి లేవలేదు. వాటిని ఆటోమేషన్‌ గుర్తించి మార్చేసింది. సినిమా చూస్తున్నవాళ్లకు ఒక్క క్షణమూ ఆగలేదని ఆ సంస్థ ఇంజినీర్లే తర్వాత రాశారు. ఏదో ఒక సర్వర్‌ను మామూలు రోజుల్లోనే కావాలని పడగొట్టి చూసుకునే కేయాస్‌ మంకీ అనే పద్ధతిని వాళ్లు అప్పటికే అలవాటు చేసుకున్నారు. ఈ కథను ఇంటర్వ్యూలో సరిగ్గా చెప్పగలిగితే సైట్‌ రిలయబిలిటీ ఉద్యోగానికి సగం దారి నడిచినట్టే.

'మీడియం' అని రాసి ఉంటే నమ్మేయొద్దు

ప్రతి లోపానికీ సీవీఎస్‌ఎస్‌ అనే స్కోరు ఇస్తారు, పదికి ఇంత అని. గెస్ట్‌లోని మామూలు యూజర్‌ తన సొంత మెషీన్‌ను పడగొట్టగలిగితే, చోరీ లేదు మార్పు లేదు లభ్యత మాత్రమే పోయిందనుకుంటే, మూడో వెర్షన్‌ లెక్కలో 5.5 వస్తుంది. అదే లోపం గెస్ట్‌ దాటి హోస్ట్‌ను పడగొడితే 'స్కోప్‌' అనే గడి మారుతుంది, స్కోరు 6.5 అవుతుంది. పెరిగింది ఒక్క పాయింటే. రెండూ 'మీడియం' కిందికే వస్తాయి. కానీ మొదటి సందర్భంలో పడింది ఒక మెషీన్‌. రెండో సందర్భంలో ఒక యంత్రం మీద కాపురముంటున్న అందరూ. ఎక్సెల్‌ షీట్‌లో 7 కంటే తక్కువ స్కోరున్నవన్నీ ఫిల్టర్‌ చేసి, తర్వాత చూద్దాంలే అనే టీములు ఉన్నాయి. ఆ షీట్‌ ముందు కూర్చునేది రేపు మీరే కావచ్చు. అప్పుడు స్కోరు కాదు, దాని పక్కనున్న అక్షరాల వరుసను చదవండి.

ఏది లోపం, ఏది కాదు అన్నదీ తెలిసుండాలి. గెస్ట్‌లో రూట్‌ అధికారం ఉన్నవాడు తన గెస్ట్‌నే క్రాష్‌ చేస్తే అది బగ్‌ కావచ్చు, సాధారణంగా భద్రతా లోపం కాదు. వాడు పవర్‌ ఆఫ్‌ బటన్‌ నొక్కినా జరిగేది అదే కదా. మామూలు యూజర్‌ గెస్ట్‌ మొత్తాన్నీ పడగొడితే అది లోపం. గెస్ట్‌ హోస్ట్‌ను పడగొడితే పెద్ద లోపం. క్యూఎమూ ఒక మెట్టు ముందుకెళ్లి, కేవీఎం లాంటి హార్డ్‌వేర్‌ సాయంతో నడిచే వర్చువలైజేషన్‌ వాడకాన్నే భద్రతా సరిహద్దుగా పరిగణిస్తామనీ, ఉత్త ఎమ్యులేషన్‌లో దొరికే క్రాష్‌లను మామూలు బగ్‌లుగానే చూస్తామనీ తన విధానంలో రాసుకుంది. ఇది చదవకుండా తొలి క్రాష్‌ దొరకగానే సీవీఈ నంబరు ఇవ్వమని మెయిల్‌ పెట్టే ఉత్సాహవంతులకు జవాబు చల్లగా వస్తుంది.

కొలువులు ఎక్కడ?

సూటిగా చెప్పాలంటే, హైపర్‌వైజర్‌ సెక్యూరిటీ రీసెర్చర్‌ అనే పోస్టులో క్యాంపస్‌ నుంచి నేరుగా చేరేవాళ్లు బహు తక్కువ. మామూలుగా ఇంకో తలుపు గుండా లోపలికి వస్తారు. వల్నరబిలిటీ మేనేజ్‌మెంట్‌ అనలిస్ట్‌గా చేరితే రోజూ వచ్చే హెచ్చరికలు చదివి, మన దగ్గర ఆ వెర్షన్‌ ఉందా, ఎప్పుడు ప్యాచ్‌ వేయాలి, ఎవరి సర్వర్‌ ఎప్పుడు ఆపాలి అన్నది తేల్చాలి. క్లౌడ్‌ ఆపరేషన్స్‌లో, సైట్‌ రిలయబిలిటీలో గెస్ట్‌లను ఆపకుండా ఒక హోస్ట్‌ నుంచి ఇంకో హోస్ట్‌కు మార్చే లైవ్‌ మైగ్రేషన్‌ మీ చేతుల మీదుగా జరుగుతుంది. ప్రొడక్ట్‌ సెక్యూరిటీ, కెర్నల్‌ డెవలప్‌మెంట్‌ కొలువులకు సీ భాష మీద గట్టి పట్టు అడుగుతారు. 2023 నవంబరులో వీఎంవేర్‌ను బ్రాడ్‌కామ్‌ కొన్నాక చాలా సంస్థలు కేవీఎం ఆధారిత వేదికల వైపు చూస్తున్నాయి. వీఎంవేర్‌ ఒక్కటే నేర్చుకుని ఆగిపోయినవాళ్లు ఇప్పుడు కేవీఎం పుస్తకం తెరుస్తున్నారు. మీరు మొదటే తెరిస్తే మంచిది.

మన దేశంలో ఇంకో కోణం కూడా ఉంది. సెర్ట్‌-ఇన్‌ 2022 ఏప్రిల్‌ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, సేవలు ఆపేసే దాడులతో సహా నిర్దేశించిన సైబర్‌ సంఘటనలను గుర్తించిన 6 గంటల్లోగా తెలియజేయాలి. లాగ్‌లను 180 రోజులు దాచాలి. అర్ధరాత్రి హోస్ట్‌ పడిపోతే అది హార్డ్‌వేర్‌ చెడిపోవడమా, ఎవరైనా పడగొట్టారా అని ఆరు గంటల్లోపు ఎవరో ఒకరు చెప్పగలగాలి. క్రాష్‌ డంప్‌ చదవడం వచ్చినవాళ్లకు ఆ రాత్రి విలువ ఏమిటో వాళ్ల మేనేజర్‌కు బాగా తెలుస్తుంది.

ల్యాప్‌టాప్‌ చాలు

ఈ విద్యకు ఖరీదైన ల్యాబ్‌ అక్కర్లేదు. బయోస్‌లో వర్చువలైజేషన్‌ ఆన్‌ చేసిన లినక్స్‌ ల్యాప్‌టాప్‌, 16 జీబీ మెమరీ ఉంటే హాయి, 8 ఉన్నా నడుస్తుంది. కేవీఎం మీద ఒక గెస్ట్‌ పెట్టండి. దాని లోపల నెస్టెడ్‌ పద్ధతిలో ఇంకో గెస్ట్‌ పెట్టండి. అప్పుడు లోపలి గెస్ట్‌ ఏం చేసినా చాలావరకు పడేది మీ మొదటి గెస్టే, ల్యాప్‌టాప్‌ కాదు. ఆపరేటింగ్‌ సిస్టమ్స్‌ పునాది కోసం ఎంఐటీ వారి ఎక్స్‌వీ6 కోడ్‌, ఆర్పాసి-డ్యూసో దంపతులు ఉచితంగా అందుబాటులో ఉంచిన 'ఆపరేటింగ్‌ సిస్టమ్స్‌: త్రీ ఈజీ పీసెస్‌' పుస్తకం, ఎన్‌పీటెల్‌ పాఠాలు సరిపోతాయి. పుస్తకం మొత్తం అయ్యాకే మొదలుపెడదాం అనుకోవద్దు. అలా అనుకుంటే ఎప్పటికీ మొదలవదు.

నేను సిఫారసు చేసే పని ఒకటి ఉంది. జెన్‌ తన భద్రతా హెచ్చరికలన్నిటినీ వరుస నంబర్లతో, ప్యాచ్‌తో సహా బహిరంగంగా ఉంచుతుంది. వారానికి ఒకటి తీసుకోండి. హెచ్చరిక చదివి, ప్యాచ్‌ చూడకుండా తప్పు ఎక్కడుందో కోడ్‌లో మీరే వెతకండి. తర్వాత ప్యాచ్‌తో పోల్చుకోండి. పది హెచ్చరికలు అయ్యేసరికి, గెస్ట్‌ ఇచ్చిన సంఖ్యను తనిఖీ చేయకుండా వాడిన చోటు మీ కంటికి దానంతటదే తగులుతుంది. ఆ నోట్స్‌ను గిట్‌హబ్‌లో పెడితే రెజ్యూమెలో పది సర్టిఫికెట్ల కన్నా బరువుగా ఉంటుంది. ఆ తర్వాత ఫజింగ్‌ నేర్చుకోవచ్చు. కెర్నల్‌కు గూగుల్‌ వారి సిజ్‌కాలర్‌, యూజర్‌ ప్రోగ్రాములకు ఏఎఫ్‌ఎల్‌ కుటుంబం, క్యూఎమూకు దాని సోర్స్‌లోనే ఉన్న ఫజర్లు.

డబ్బు సంగతి అడుగుతారని తెలుసు. గూగుల్‌ 2024లో మొదలుపెట్టిన కేవీఎంసీటీఎఫ్‌లో గెస్ట్‌ నుంచి హోస్ట్‌లోకి పూర్తిగా చొరబడితే 2,50,000 డాలర్లు, హోస్ట్‌ సేవను ఆపగలిగితే 20,000 డాలర్లు అని ప్రకటించింది. ఎవరికీ తెలియని కొత్త లోపమై ఉండాలి, వాళ్లిచ్చిన సర్వర్‌ మీదే నిరూపించాలి. ఫైనలియర్‌లో ఉండి ఇది కొట్టేద్దామనుకోవడం అత్యాశే. కానీ 'ఉత్త' డినయల్‌ ఆఫ్‌ సర్వీస్‌కు మార్కెట్‌ కట్టిన విలువ ఎంతో దీన్నిబట్టి తెలుస్తోంది.

ఆ సర్వర్‌ అని ఎందుకు నొక్కి చెప్పానంటే, కాలేజీ సర్వర్‌ మీదో, అద్దెకు తీసుకున్న క్లౌడ్‌ మెషీన్‌ మీదో ఇవి ప్రయోగించడం నేరం కావచ్చు. ఐటీ చట్టం 2000లోని సెక్షన్‌ 43 అధీకృత వ్యక్తికి కంప్యూటర్‌ అందకుండా చేయడాన్ని ప్రత్యేకంగా ప్రస్తావిస్తుంది. మోసపూరితంగా చేశారని తేలితే సెక్షన్‌ 66 కింద మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల రూపాయల దాకా జరిమానా లేదా రెండూ. 'నేర్చుకోవడానికే చేశాను సార్‌' అన్న మాట స్టేషన్‌లో అంతగా పనిచేయదు. మీ ల్యాప్‌టాప్‌ మీద ఎన్ని గెస్ట్‌లనైనా చంపుకోండి, అడిగేవాడు లేడు.

నిజమైన ప్రాజెక్టులో చేతులు పెట్టాలనుకునేవాళ్లకు గూగుల్‌ సమ్మర్‌ ఆఫ్‌ కోడ్‌ మంచి దారి. క్యూఎమూ, కేవీఎం బృందాలు కలిసి అందులో చాలా ఏళ్లుగా విద్యార్థులను తీసుకుంటున్నాయి, స్టైపెండ్‌ ఉంటుంది. దరఖాస్తులు సాధారణంగా మార్చి, ఏప్రిల్‌లలో ఉంటాయి. అప్పటికి ఒక చిన్న ప్యాచ్‌ అయినా పంపి ఉన్నవాళ్ల వైపే మెంటర్లు మొగ్గుతారు. కాబట్టి మొదటి ప్యాచ్‌ పని సంక్రాంతి సెలవుల్లోనే పెట్టుకోండి. క్యూఎమూ వాళ్లు కొత్తవాళ్ల కోసం చిన్న పనుల జాబితా విడిగా ఉంచుతారు, అందులో ఒకటి చాలు.